ఉమ్ముద్దమ్: కత్తి ఆపడమూ వైద్యమే

గుండె నుండి బయలుదేరి శరీరమంతటికీ రక్తాన్ని చేరవేసే పెద్ద నాళాన్ని మనం బృహద్ధమని అంటాము. అరబీలో దానికి అబ్‌హర్ అని పేరు. ధమని గోడ బలహీనపడి తిత్తివలె ఉబ్బితే నేటి డాక్టర్లు అన్యూరిజమ్ అంటారు. అరబీ వైద్యులు దానిని ఉమ్ముద్దమ్, అనగా ‘రక్తమాత’ అన్నారు.

ఖుర్తుబా సమీపంలోని అజ్‌జహ్రాకు చెందిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ (మరణం క్రీ.శ. 1013 ప్రాంతం) తన ‘అత్తస్రీఫ్’ గ్రంథంలోని ముప్ఫయ్యవ భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించాడు. చేతికి తగిలే ఇటువంటి ఉబ్బులను ఎలా గుర్తించాలో అందులో వివరించాడు. మెడ, చంక, గజ్జలలో ఉన్నవాటినీ, బాగా పెద్దవైనవాటినీ కోయరాదని హెచ్చరించాడు. అంతకు మూడు శతాబ్దాల ముందే గ్రీకు వైద్యుడు పౌలస్ ఇదే జాగ్రత్త చెప్పి ఉన్నాడు. కత్తి పట్టడంలో ఆరితేరినవారే కత్తి ఆపమన్నారన్నది గమనార్హం. అయితే కడుపు లోపలి బృహద్ధమనిని చూసే సాధనం వారికి లేదు.

ఆ సాధనాలు ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చాయి. 1948లో ఐన్‌స్టీన్ ఉదరధమని ఉబ్బుకు సర్జన్ నిస్సెన్ సెల్లోఫేన్ పొర చుట్టాడు. ఆయన ఆ ఉబ్బుతోనే ఆరేళ్లకు పైగా జీవించి, అది చిట్లగా 1955 ఏప్రిల్ 18న మరణించాడు. 1951లో పారిస్‌లో దుబోస్త్ ఉబ్బిన భాగాన్ని తొలగించి వేరొక ధమనిని అతికాడు. తరువాత అల్ట్రాసౌండ్ స్కానింగ్ రావడంతో కోయకుండానే కొలవడం సాధ్యమైంది. 4 నుండి 5.5 సెంటీమీటర్ల ఉబ్బు ఉన్న 1,090 మందిపై బ్రిటన్‌లో జరిపిన పరిశీలన ఫలితాలు 1998లో వెలువడ్డాయి. తొందరపడి ఆపరేషన్ చేసినందువల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. జహ్రావీ జాగ్రత్తకు ఈ విధంగా అంకెల ఆధారం దొరికింది.

ఇక మన విశాఖపట్నం సంగతి. కింగ్ జార్జి ఆసుపత్రి 1923 నుండి, ఓడరేవు 1933 నుండి పనిచేస్తున్నాయి. ఆపై ఉక్కు కర్మాగారం వచ్చింది. రేవులో, కర్మాగారంలో చాకిరీ చేసి రిటైరైనవారు ఇప్పుడు ఈ జబ్బు వచ్చే వయస్సులో ఉన్నారు. దీనికి ముఖ్య కారణం పొగ. బీడీ, సిగరెట్టు, చుట్ట అన్నీ ఆ కోవలోనివే. ఇంగ్లండులో 65 ఏళ్ల పురుషులను స్కానింగుకు పిలుస్తారు. మనకు అట్టి ఏర్పాటు లేదు. వేరే జబ్బుకు స్కాన్ తీసినపుడే ఇది చాలావరకు బయటపడుతుంది.

ఇక్కడే ఒక అనువాద దోషం ప్రాణం మీదికి తెస్తుంది. ‘ఇప్పుడు ఆపరేషన్ అక్కరలేదు’ అన్న డాక్టరు మాట ఇంటికి చేరేసరికి ‘జబ్బే లేదు’ అవుతుంది. ఉదరధమని 3 సెంటీమీటర్లకు చేరితే ఉబ్బు అంటారు. చిన్నదైతే రెండు మూడేళ్లకు, 4 దాటితే ఏడాదికి, 5 దాటితే ఆరు నెలలకో అంతకు ముందో మళ్లీ కొలవాలి. పురుషులలో 5.5 చేరినపుడు ఆపరేషన్ ఆలోచిస్తారు. స్త్రీలలో ఇంకా ముందే. ఈలోపు పొగ మానాలి, రక్తపోటును అదుపులో ఉంచాలి, పాత రిపోర్టులు దాచాలి. కడుపులోనో నడుములోనో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

కనుక వేచి ఉండడమంటే మరచిపోవడం కాదు. తారీఖు గుర్తుంచుకొని మళ్లీ వెళ్లి కొలిపించుకోవడమే ఆ మాటకు సరైన అనువాదం.