పోలీసు జట్టా? పటాలం జట్టా?

భిలాయిలో మన తెలుగు మాజీ సైనికులం నలుగురం కలిస్తే ఫుట్‌బాల్ మాట రాక మానదు. ఆనాటి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు గొప్పదా, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టు గొప్పదా అన్నదే వాదన. నేను పటాలం వాణ్ణే, అయినా లెక్క లెక్కే.

పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950, 1954, 1957లలో డ్యూరాండ్ కప్ కూడా తెచ్చుకుంది. ఆ విజయాల వెనక ఉన్నది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టి, ఆటగాళ్లకి రెండు కాళ్లూ సమానంగా సాధన చేయించిన మనిషి.

మద్రాస్ సెంటర్‌కి దక్కిన డ్యూరాండ్ కప్పులు 1955, 1958లలో రెండే. కప్పుల్లో పోలీసులదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. కానీ పటాలం ఒక మంచి పని చేసింది. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ 1953లో సైన్యంలో చేరాడు. మొదట సెంటర్ ఫార్వర్డ్. ఆ పొడగరి గోల్‌కీపర్‌గా మారింది మద్రాస్ సెంటర్లోనే. 1960లో ఆయన కెప్టెన్‌గా సర్వీసెస్ జట్టు తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మనవాళ్లు దక్షిణ కొరియాని 2-1తో ఓడించారు. కోచ్ రహీం, గోల్‌లో తంగరాజ్! పోలీసు గురువు, పటాలం కీపరు కలిస్తేనే ఆ బంగారం. క్యాన్సర్‌తో బాధపడుతూనే జట్టుని నడిపిన రహీం 1963లో పోయారు. తంగరాజ్ మన భిలాయిలాంటి ఉక్కు పట్టణమైన బొకారోలో 2008లో కన్నుమూశారు.

కాబట్టి మిత్రులారా, మన సెక్టార్ల మైదానాల్లో ఆడే పిల్లల్ని కాసేపు నిలబడి చూడండి. ఎవడు ఏ చోటికి తగినవాడో చెప్పే పెద్దవాళ్లు వాళ్లకీ కావాలి.