పాత పనికి కొత్త పేరు

2006లో ఓ ఇంటర్వ్యూకి వెళ్ళా. "అజాక్స్ వచ్చా?" అనడిగారు. "రాదండీ" అన్నా నిజాయితీగా. ఇంకో రెండు ప్రశ్నలేసి పంపించేశారు. ఇంటికొచ్చి చదివితే తెలిసిందేంటంటే, అప్పటికి రెండేళ్ళుగా నేను చేస్తున్న పనే అది! పేజీ మొత్తం రీలోడ్ అవకుండా డ్రాప్‌డౌన్ నింపడానికి ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీ ఆబ్జెక్టు వాడేవాణ్ణి. దానికో పేరుందని మాత్రం తెలీదు.

అసలు సంగతేంటంటే, ఆ ఆబ్జెక్టుని తయారుచేసింది మైక్రోసాఫ్ట్ వాళ్ళు. బ్రౌజర్లో మెయిల్ చూసుకునే ఔట్‌లుక్ వెబ్ యాక్సెస్ కోసం. 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో బయటికొచ్చింది. తర్వాత మొజిల్లా వాళ్ళూ అలాంటిదే పెట్టారు. ఐనా చాలామంది పట్టించుకోలేదు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మాప్స్ వచ్చాక గానీ "బ్రౌజర్లో ఇలాక్కూడా చెయ్యొచ్చా!" అనిపించలేదు.

అదే ఫిబ్రవరి 18న అడాప్టివ్ పాత్ అనే కన్సల్టింగ్ సంస్థకి చెందిన జెస్సీ జేమ్స్ గారెట్ ఒక వ్యాసంలో ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టాడు. ఇదొక కొత్త టెక్నాలజీ కాదు, ఉన్నవాటి కలయికేనని ఆయనే అందులో రాశాడు. ఆ ముక్క ఎవరికి గుర్తుంది? పేరు మాత్రం పుస్తకాల అట్టల మీదికీ, ఉద్యోగ ప్రకటనల్లోకీ, మన రెజ్యూమెల్లోకీ ఎక్కేసింది. తర్వాత ఎక్స్ఎంఎల్ స్థానంలో జేసన్ వచ్చి కూర్చున్నా, పేరు చివరి ఎక్స్ అలాగే ఉండిపోయింది.

పేరు వల్ల మేలు జరగలేదనను. మేనేజరుకి అరగంట చెప్పాల్సింది ఒక్క మాటలో చెప్పగలిగాం. 2006 ఏప్రిల్‌లో డబ్ల్యూ3సీ ఆ ఆబ్జెక్టుకి ప్రామాణిక ముసాయిదా కూడా తెచ్చింది. చిక్కల్లా, పేరు తెలిస్తే పని తెలిసినట్టేననీ, పేరు తెలీకపోతే పనే రాదనీ అనుకోవడం దగ్గరే.

ఇప్పుడు బల్లకి ఇవతలి వైపు కూర్చుంటున్నా. మొన్న ఓ కుర్రాణ్ణి "ఏఐ ఏజెంట్లు చేశావా?" అనడిగా. "లేదు సార్" అన్నాడు. ఫారంలో 'లేదు' దగ్గర టిక్కు పెట్టబోయి ఆగా. "పోనీ, ఏం చేశావో చెప్పు" అన్నా. మోడల్‌తో సర్వర్ లాగులు చదివించి, అది అడిగిన స్క్రిప్టు నడిపి, వచ్చిన ఫలితాన్ని మళ్ళీ దానికే ఇచ్చే లూపు రాశాట్ట. ఏజెంటంటే అదేగా మరి!

ఆ టిక్కు పెట్టేసుంటే, 2006లో నాకు జరిగిందే వాడికీ జరిగేది. ఈసారి చేసినవాణ్ణి నేనయ్యేవాణ్ణి. అందుకే ఇంటర్వ్యూల్లో "ఫలానాది వచ్చా?" అని అడగడం మానేశా. "ఏం చేశావు?" అని అడుగుతున్నా. మీరేమంటారు?