పుట్టినరోజు బల్ల మీదికి డైనోసార్

డైనోసార్ విందుల్లో అన్నిటికన్నా పేరుమోసినది చిన్నపిల్లల కోసం చేసినది కాదు. 1853 డిసెంబర్ 31 సాయంత్రం, లండన్‌కు దక్షిణాన సిడెన్‌హామ్‌లో, ఇగ్వానొడాన్ అనే డైనోసార్ విగ్రహం పోయడానికి తయారుచేసిన అచ్చు లోపల బల్ల వేసి 21 మంది పెద్దమనుషులు భోజనానికి కూర్చున్నారు. విందు ఇచ్చినవాడు శిల్పి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్. ఆహ్వానాలను టెరొడాక్టిల్ రెక్క బొమ్మ మీద రాసి పంపాడు. అచ్చు బాగా ఎత్తు కావడంతో చుట్టూ వేదిక కట్టి, ఎక్కడానికి మెట్లు పెట్టి, పైన డేరా వేశారు. డేరాకు క్యువియే, బక్లండ్, మాంటెల్, ఓవెన్ అనే నలుగురు శాస్త్రజ్ఞుల పేర్లు తగిలించారు. వారిలో విందుకు వచ్చినవాడు రిచర్డ్ ఓవెన్ ఒక్కడే. ఇగ్వానొడాన్ లాంటి జంతువులను ఒక గుంపుగా చేర్చి, 1842లో వాటికి డైనోసార్లనే పేరు ఖాయం చేసినవాడు అతనే. కాబట్టి జంతువు తల ఉండే చోట అతన్ని కూర్చోబెట్టారు.

వడ్డన ఘనంగా సాగింది. సూప్‌లు, కాడ్ చేప, టర్కీ కోడి, పావురాల మాంసం కూరిన పై, జెల్లీలు, పండ్లు, బాదం పప్పులు, రకరకాల వైన్లు వచ్చాయి. వంటకాల పట్టీలో అన్నంతో వడ్డించిన కుందేలు కూర కూడా ఉంది. పేరు ఫ్రెంచిలో రాసుకున్నా, అది హిందూదేశం నుంచి కంపెనీ దొరలు మోసుకెళ్లిన రుచే. ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫోర్బ్స్ ఆ రాత్రి కోసం ప్రత్యేకంగా పాట కట్టాడు. అతిథులు గొంతులు కలిపి పాడారు.

ఇదంతా ఉత్త సరదా కాదు, ప్రచారం. 1851 మహా ప్రదర్శన కోసం హైడ్ పార్కులో కట్టిన గాజు భవనం క్రిస్టల్ ప్యాలెస్‌ను ఒక కంపెనీ కొని సిడెన్‌హామ్‌కు తరలించింది. టిక్కెట్ కొని జనం రావాలంటే తోటలో ఏదో వింత ఉండాలి. అందుకే అంతరించిపోయిన జంతువుల నిలువెత్తు విగ్రహాలను హాకిన్స్ చేత చేయించింది. విందు బొమ్మ 1854 జనవరి 7న ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికలో అచ్చయింది. జూన్ 10న విక్టోరియా రాణి వచ్చి భవనాన్ని ప్రారంభించింది.

హాకిన్స్ పనితీరు దగ్గరగా చూడదగ్గది. ముందు చిన్న నమూనా, తర్వాత అదే కొలతల దామాషాలో నిలువెత్తు మట్టి బొమ్మ, దాని మీద అచ్చు, అచ్చులో సిమెంటు. ఇగ్వానొడాన్ ఒక్కదానికే ఏమేం పట్టిందో 1854 మేలో ఒక ఉపన్యాసంలో అతనే లెక్క చెప్పాడు: 9 అడుగుల ఇనుప స్తంభాలు నాలుగు, 600 ఇటుకలు, కాలువలకు వాడే అర్ధగుండ్రపు పెంకులు 650, మామూలు పెంకులు 900, 38 పీపాల సిమెంటు, 90 పీపాల రాతి ముక్కలు. ఒక చిన్న ఇల్లు కట్టే సామాను ఇది. కొంచెం అటూ ఇటూగా, ఊళ్లో తాపీమేస్త్రీ దగ్గర దొరికే సరుకే. ఆ జంతువు గురించి అప్పటికి తెలిసింది మాత్రం కొన్ని పళ్లూ, కొన్ని ఎముకలూ. మిగతాది ఖడ్గమృగాన్నీ బల్లినీ కలిపి ఊహించుకున్నారు. దొరికిన ఒక మొనదేలిన ఎముకను ముక్కు మీద కొమ్ములా పెట్టారు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గు గనిలో ఇగ్వానొడాన్ అస్థిపంజరాలు గుంపుగా బయటపడ్డాకే అది బొటనవేలి ముల్లని తేలింది. ఆ విగ్రహాలు ఆ కొమ్ముతోనే ఇప్పటికీ సిడెన్‌హామ్ పార్కులో నిలబడి ఉన్నాయి.

పిల్లలకు ఇవి మొదట నచ్చాయని చెప్పలేం. 1855 పంచ్ పత్రిక వార్షిక సంచికలో జాన్ లీచ్ గీసిన వ్యంగ్యచిత్రంలో, జ్ఞానం పెరగాలని పెద్దలు విగ్రహాల మధ్య నుంచి లాక్కుపోతున్న కుర్రాడు హడలిపోయి వెనక్కి గుంజుకుంటుంటాడు. చిన్నపిల్లల పుట్టినరోజుకు డైనోసార్లను పిలిచేవాళ్లు ఈనాటికీ ఈ చిత్రాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది. అయితే హాకిన్స్ విగ్రహాల చిన్న నమూనాలు కూడా అమ్మకానికి వచ్చాయి. చదువు పేరుతో అమ్మినవే అయినా, డైనోసార్ చేతిలో పట్టేంత వస్తువు కావడం అక్కడే మొదలైంది. నిలువెత్తు విగ్రహాన్ని చూసి జడుసుకున్న పిల్లవాడు అరచేతిలో ఇమిడే బొమ్మను మాత్రం వదలడు. తర్వాతి కథంతా ఈ చిన్న బొమ్మదే.

పిల్లల పుట్టినరోజు చరిత్ర వేరే దారిన వచ్చింది. దాని మూలాలు జర్మనీలో ఉన్నాయి. 1746లో కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ పుట్టినరోజుకు పెద్ద కేకు కాల్చి, ఆయన వయసెంతో అన్ని రంధ్రాలు చేసి, ఒక్కోదానిలో ఒక్కో కొవ్వొత్తి గుచ్చి, నడుమ ఇంకొకటి నిలిపారని చూసినవారు రాశారు. జర్మన్ ఇళ్లలో పిల్లలకు చేసిన ఈ కొవ్వొత్తుల పండుగ 19వ శతాబ్దంలో వలస వెళ్లినవారితో అమెరికా చేరింది. కెంటకీ రాష్ట్రంలో హిల్ అక్కచెల్లెళ్లు బడిపిల్లల కోసం కట్టిన పలకరింపు పాట 1893లో అచ్చయింది. ఆ బాణీకే తర్వాత పుట్టినరోజు మాటలు చేరాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో డెన్నిసన్ అనే కంపెనీ ముడతల కాగితం అమ్ముకోవడానికి, దానితో ఇల్లు ఎలా అలంకరించాలో, టోపీలూ వేషాలూ ఎలా చేయాలో చెప్పే పుస్తకాలు వేసింది. విందంతా ఒకే ఊహ చుట్టూ అల్లడం మధ్యతరగతి ఇళ్లకు ఇలాంటి పుస్తకాల వల్లే అలవాటైంది.

ఈ రెండు దారులూ కలిసింది అమెరికాలోనే, కలిపిన చేతుల్లో ముఖ్యమైనది ఒక పెట్రోలు కంపెనీది. అంతకు ముందే 1914లో విన్సర్ మెకే గీసిన కదిలే బొమ్మల చిత్రం గెర్టీ, డైనోసార్ భయపెట్టేదే కానక్కర్లేదని, మారాం చేసి, ఏడ్చి, ఊరడిస్తే మాట వినే పిల్లలాంటిది కూడా కావచ్చునని చూపింది. సింక్లెయిర్ ఆయిల్ కంపెనీ తన నూనె ఎంత పాతకాలపు భూమి నుంచి వచ్చిందో చాటుకోవడానికి 1930లో ప్రకటనల్లో డైనోసార్లను వాడింది. వాటిలో పొడుగు మెడ బ్రాంటొసారస్ జనానికి బాగా నచ్చి కంపెనీ గుర్తుగా స్థిరపడింది. 1933–34 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ కంపెనీ డైనోసార్లు నిలబడ్డాయి. 1935లో పిల్లలు స్టాంపులు అంటించుకునే డైనోసార్ ఆల్బమ్ వచ్చింది. పెట్రోలు కొట్టించుకునే తండ్రి వెంట వచ్చిన పిల్లవాడే అసలు ఖాతాదారని కంపెనీకి బోధపడింది.

1964–65 న్యూయార్క్ ప్రదర్శనకు శిల్పి లూయీ పాల్ జోనస్ చేసిన తొమ్మిది ఫైబర్‌గ్లాస్ డైనోసార్లు హడ్సన్ నదిలో పడవ మీద ఊరేగింపుగా వచ్చాయి. ప్రదర్శనలో నాణెం వేస్తే కళ్లముందే వేడివేడిగా డైనోసార్ బొమ్మ పోసి ఇచ్చే యంత్రం పెట్టారు. ఈలోగా మార్క్స్ అనే బొమ్మల కంపెనీ 1950లలో ప్లాస్టిక్ డైనోసార్లను సంచుల్లో పోసి అమ్మడం మొదలుపెట్టింది. కేకు మీద నిలిపినా విరగవు, తడిసినా చెడవు, పైగా చవక. ఇంట్లో చేసే డైనోసార్ విందుకు ప్లాస్టిక్ ఇచ్చిన ఊతం ఏ శాస్త్రజ్ఞుడూ ఇవ్వలేదు.

పుస్తకాలూ తోడయ్యాయి. సిడ్ హాఫ్ 1958లో రాసి, బొమ్మలు వేసిన ‘డానీ అండ్ ద డైనోసార్’లో మ్యూజియంకు వెళ్లిన పిల్లవాడితో డైనోసార్ ఆడుకోవడానికి బయటికి వచ్చేస్తుంది. ఆ ఇద్దరూ పుట్టినరోజు చేసుకునే పుస్తకం 1995లో వచ్చింది. అప్పటికి అమెరికాలో డైనోసార్ లేని పుట్టినరోజుల కాలమే పోయింది. 1992లో టీవీకెక్కిన ఊదారంగు డైనోసార్ బార్నీ రెండు మూడేళ్ల పిల్లలను కట్టిపడేసింది. 1993లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘జురాసిక్ పార్క్’ అంతకన్నా పెద్ద పిల్లలను పట్టుకుంది. బార్నీని పోలిన వేషాలను పిల్లల పార్టీలకు అద్దెకిస్తున్నారని హక్కుదారులు కోర్టుకెక్కారు కూడా. ‘జురాసిక్ పార్క్’ 1994లో హిందీలోకి డబ్ అయి మన దేశంలో విరగబడి ఆడింది. డైనోసార్ అన్న మాట ఇక్కడి బడిపిల్లల నోళ్లలో ఆడటం ఆ తర్వాతి సంగతే.

ఇంట్లో చేసే విందు పద్ధతులు ఈ చరిత్రలోని పాత పనులనే చిన్నవి చేసుకున్నాయి. కేకు సంగతే చూస్తే, గుండ్రటి స్పాంజి కేకును నడిమికి కోసి, రెండు అర్ధచంద్రాల మధ్య క్రీమ్ రాసి అతికించి, కోసిన అంచు కిందికి వచ్చేలా నిలబెడితే స్టెగోసారస్ వీపు సిద్ధం. రెండో కేకులోంచి తోక, మెడ, తల కోసుకోవాలి. అతుకులు కనపడకుండా పైన ఆకుపచ్చ క్రీమ్ పూస్తారు. వీపు మీది పలకలకు మూలగా కోసిన బిస్కెట్లో చాక్లెట్ ముక్కలో గుచ్చుతారు. మెడ వాలిపోవడమే ఇందులో పెద్ద చిక్కు. అందుకే అనుభవమున్నవాళ్లు మెడను పైకి లేపకుండా పళ్లేనికి ఆనించి, గడ్డి మేస్తున్నట్టు పెడతారు. ఓవెన్ లేని తెలుగిళ్లలో కుక్కర్ అడుగున ఉప్పో ఇసుకో పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, సన్నసెగ మీద కేకు చేస్తారు. స్టెగోసారస్‌కు అదీ సరిపోతుంది.

ఆటల్లో తవ్వకాలదే పైచేయి. రెండు పాళ్లు మైదా, ఒక పాలు ఉప్పు కలిపి, నీళ్లతో గట్టిగా తడిపి, అప్పచ్చుల్లా వత్తి, బొమ్మ డైనోసార్ పాదాలతో అచ్చులు వేసి ఎండబెడితే శిలాజాలవుతాయి. వాటిని ఇసుక తొట్టిలో పాతిపెట్టి, పిల్లల చేతికి పెయింటింగ్ కుంచెలిస్తే గంటసేపు ఇల్లు ప్రశాంతం. బెలూన్‌లో చిన్న బొమ్మ దూర్చి, నీళ్లు నింపి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, రబ్బరు ఒలిచేస్తే మంచు గుడ్డు. ఈ ఆటలు నాలుగేళ్లు నిండినవారికి. అంతకన్నా చిన్నవాళ్లు చిన్న బొమ్మలనూ, చిరిగిన బెలూన్ ముక్కలనూ నోట్లో పెట్టుకుంటారు. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్లకు చార్టు కాగితంతో కత్తిరించిన పెద్ద అడుగులను గుమ్మం నుంచి కేకు దాకా నేల మీద అంటించి, వాటి మీద గెంతమంటే చాలు. టి. రెక్స్ వేషం వేసుకుని పెద్దవాళ్లు హఠాత్తుగా ఊడిపడటం మాత్రం లీచ్ చిత్రంలోని కుర్రాణ్ణి మళ్లీ తయారుచేయడమే.

తెలుగువారి పుట్టినరోజుకు కేకుతో సంబంధం లేని పాత రూపం ఒకటుంది. జన్మతిథినో జన్మనక్షత్రాన్నో బట్టి ఆ రోజు తలంటి పోసి, కొత్తబట్టల మూలలకు పసుపు పెట్టి తొడిగి, హారతిచ్చి, పెద్దల చేత అక్షింతలు వేయించి, పాయసం పెట్టడం. దీపం వెలిగించాలి గానీ ఆర్పడమేమిటని కొవ్వొత్తులు ఊదడాన్ని తప్పుబట్టే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. చాలా ఇళ్లలో పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటిగా రెండు పద్ధతులూ సర్దుకున్నాయి. డైనోసార్లు వచ్చేది సాయంత్రం పూట.

ఆ సాయంత్రాలకు అసలైన స్థానిక డైనోసార్లు లేకపోలేదు. ప్రాణహిత–గోదావరి లోయలో 1960ల మొదట్లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు తవ్వి తీసిన బరపాసారస్ టాగోరై పేరులోనే పుట్టినరోజు ఉంది. తవ్వకాల తొలి రోజులు రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి కాలానివి కావడంతో ఆయన పేరు పెట్టారు. ఐదున్నర అడుగులు దాటిన తొడ ఎముకను చూసి, బెంగాలీలో పెద్దకాలు అన్న అర్థంతో మొదటి సగం పెట్టారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలో ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలను శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి 1988లో వర్ణించి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. ఆ 44 అడుగుల అస్థిపంజరాన్ని 2000లో హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. ఊళ్లో పిల్లలకు డైనోసార్ అంటే తెరమీది బొమ్మ కాక, తలెత్తి చూడవలసిన వస్తువైంది అప్పుడే.

దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ సంచుల్లో టి. రెక్స్, ట్రైసెరాటాప్స్ తప్పక ఉంటాయి. రెండూ ఉత్తర అమెరికావే. కోటసారస్ కావాలంటే పొడుగు మెడ, ఏనుగు కాళ్లూ ఉన్న ఏ బొమ్మనైనా తీసుకోవచ్చు. యామన్‌పల్లిలో పళ్లు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. మ్యూజియంలో ఉన్న తల కూడా దగ్గరి బంధువులను చూసి ఊహించి చేసినదే. కాబట్టి కేకు మీద ఆ తల ఎలా పెట్టాలో వంటింట్లోనే తేల్చుకోవచ్చు.