రాగిరేకులపై లేని స్వరం

తిరుమల ఆలయంలో వేల రాగిరేకులున్నవని విని, తెలుగు వ్యాకరణ రచనలో నిమగ్నుడైన ఆంగ్లేయుడు ఏ. డి. క్యాంప్‌బెల్ వాటి పరిశీలనకై ఒక దేశీయుణ్ణి పంపాడు. ఒక వ్యాకరణగ్రంథానికి ప్రతి వ్రాయించుకొని, తక్కినవన్నీ దైవస్తోత్రాలే అని 1816 నాటి తన గ్రంథపీఠికలో ఒక్క మాటతో సరిపెట్టాడు. ఆ ‘తక్కినవే’ అన్నమాచార్య ప్రభృతులైన తాళ్ళపాక కవుల సంకీర్తనలు! మరొక శతాబ్దం గడిచిన పిదపగాని అవి ముద్రణకు నోచుకోలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలైనవారి పరిశ్రమచే సాహిత్యం మనకు దక్కింది. రేకులపై ప్రతి కీర్తనకూ రాగనామం ఉన్నది, స్వరలిపి లేదు. కావున నేడు అంతర్జాలంలో భక్తులు వినే బాణీలలో అధికభాగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని ఆధునిక విద్వాంసులు కూర్చినవే. వినువారు పదకర్తతోపాటు ఆ స్వరకర్త నామధేయాన్ని కూడ విచారించుట న్యాయం. దృశ్యఖండికలలో అది తరచు కానరాదు.