మాదాపూరు తిరునాళ్ళు

తెలుగువాడు తిరునాళ్ళకు పోయేది దేవుణ్ణి చూడటానికేనని పెద్దలు చెబుతారు. కాని గుడిలో నిలిచేది పావుగంట, గుడి బయట తిరిగేది పూట. ఆ పూటంతా అతడు చూచేది సాటి మనుషులను. ఎవరు ఏ చీర కట్టినారు, ఏ ఊరివారు ఏ బండి కట్టుకొని వచ్చినారు, గారడీవాని చుట్టూ చేరినవారిలో నోరు తెరిచి నిలుచున్నవాడెవడు, ఇటువంటి విషయాలు ఇంటికి వచ్చిన తరువాత వారంరోజుల ముచ్చటకు సరిపోతవి.

అటువంటి గుంపులో ఆడి పాడి బ్రతికే కళాకారుడు మనందరికంటె నిశితమైన ప్రేక్షకుడు. జనాన్ని చూచి నేర్చినదానినే అతడు తిరిగి జనానికి చూపుతాడు. ఈ ఇచ్చిపుచ్చుకొనడము మన దేశములో శతాబ్దాలపాటు ఏ తీరున సాగినది, నేడు హైదరాబాదు పడమటి కొసన, హైటెక్ సిటీ అద్దాల మేడల నడుమ దాని గతి ఏమైనది అన్నదే నేటి ప్రసంగవిషయము.

పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దివాడు. ఆయన పండితారాధ్య చరిత్రములోని పర్వతప్రకరణము శివరాత్రినాటి శ్రీశైలాన్ని వర్ణిస్తుంది. భక్తికావ్యమే అయినా, కవిగారి చూపు మల్లికార్జునుని సన్నిధిలోనే నిలిచిపోలేదు. పురాతన భక్తుల చరిత్రలను నాటకాలుగా ఆడేవారు, భారతకథలను తెరమరుగున బొమ్మలతో ఆడించేవారు, గడలెక్కి విన్యాసాలు చేసేవారు, పాడేవారు, ఆడేవారు అందరినీ ఆయన వరుసబెట్టి చెప్పినాడు. మన తోలుబొమ్మలాట ప్రాచీనతకు పండితులు చూపే సాక్ష్యాలలో ఇది ముఖ్యమైనది. ఆ కొండమీద ఆడేవారూ యాత్రికులే, చూచేవారూ యాత్రికులే అన్న సంగతి గమనించదగినది.

తరువాత చెప్పవలసినది క్రీడాభిరామము. దీనిని వినుకొండ వల్లభరాయుని కృతిగా చెబుతారు. శ్రీనాథుని రచన అని వాదించిన పండితులూ ఉన్నారు. ఆ వివాదము మనకిప్పుడు అవసరము లేదు. ఇది వీథి అనే రూపకభేదానికి చెందినది. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. గోవింద మంచన శర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు తెల్లవారినది మొదలు రాత్రిదాకా ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. కనబడ్డవారినల్లా చూస్తారు, చూచినదానిమీద తమలో తాము వ్యాఖ్యానించుకొంటారు. గ్రంథమంతా అంతే. మనుషులను చూస్తూ తిరగడాన్నే వస్తువుగా చేసికొన్న కావ్యము మన సాహిత్యములో మరొకటి కనబడదు.

ఆ ఇద్దరికీ కనబడిన వింతలకు అంతులేదు. ఒకచోట పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, ఒకచోట జక్కుల పురంధ్రి పాట, మైలారుదేవుని వీరభటుల ఒళ్ళు గగుర్పొడిచే సాహసాలు, గొరగ పడుచుల నృత్యము, పొట్టేళ్ళ పోరు, కోళ్ళపందెము. మధ్యాహ్నము పూటకూళ్ళ ఇంట రూక ఇచ్చి సుష్ఠుగా భోజనము. ప్రతాపరుద్రుని ఉంపుడుకత్తెగా ప్రసిద్ధికెక్కిన మాచల్దేవి చిత్రశాలను కూడా వారు చూడకుండా విడిచిపెట్టలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించినప్పుడు, శాసనాలలో దొరకని సామాన్యజనజీవితాన్ని ఈ గ్రంథము నుంచి ఎంతగానో వెలికితీసినారు. శాసనము రాజును చూచినది, మంచన శర్మ బజారును చూచినాడు. మంచన శర్మ చూపులో కొంత చిలిపితనము, అక్కడక్కడ మోటుతనము లేకపోలేదు. అందుచేతనే కాబోలు, అతని మాట నమ్మబుద్ధి అవుతుంది.

ఇంతవరకు చెప్పినది కళాకారులను చూచినవారి సంగతి. కళాకారుడే చూచి, చూచినదానిని చూపితే ఏమవుతుందో మాచుపల్లి కైఫీయతు చెబుతున్నది. మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయతులలో ఇది కడపసీమకు చెందినది. పదునారవ శతాబ్ది ఆరంభమునాటి మాట. సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు పన్ను రాబట్టడానికి స్త్రీలను సైతము చెప్పరాని హింసలు పెట్టేవాడట. కూచిపూడివారు ఆ సీమమీదుగా పోతూ ఆ ఘోరాన్ని కన్నులారా చూచినారు. విజయనగరము చేరి వీరనరసింహరాయల ఎదుట ఆటకు అనుజ్ఞ అడిగినారు. ఒకరు గురవరాజు వేషము, మరొకరు భటుని వేషము, ఇంకొకరు హింసపడే స్త్రీ వేషము కట్టి, తాము చూచినది చూచినట్లు ఆడినారు. రాయలు విషయము విచారించి, సేనను పంపి, గురవరాజును పట్టించి శిక్షించినాడని కైఫీయతు కథనము. కూచిపూడి చరిత్ర చెప్పేవారు దీనిని ఆ మేళాల ప్రాచీనతకు ఆధారముగా ఉదాహరిస్తారు. నాకు మాత్రము అంతకంటె ముఖ్యమైనది మరొకటి తోస్తుంది. సీమలోని రైతులు చెప్పుకోలేని మాటను దారిన పోయే ఆటగాండ్రు చెప్పగలిగినారు. వేషము కట్టినవానికి అంతటి చనువు ఉండేది.

ఆ చనువు పగటివేషాలలో మన కాలము దాకా నిలిచినది. పగటివేషానికి రంగస్థలము లేదు, తెర లేదు, దీపము లేదు. పట్టపగలు, నడివీధిలో, నిజమైన మనుషుల మధ్య నిజమైన మనిషివలె నడవవలెను. కూచిపూడివారి వేషాలలో అర్ధనారీశ్వర వేషానికి ఎంత పేరో, సోమయాజులు సోమిదేవమ్మల వేషానికీ అంత పేరు. మొదటిది భక్తి, రెండవది పరిహాసము. మేళమువారు ఊరిలో కొన్నాళ్ళు మకాము పెట్టి, రోజుకొక వేషము చూపి, చివరను ఇంటింటా సంభావన పుచ్చుకొనేవారు. తెలంగాణములో పిట్టలదొర ఉన్నాడు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, చేతిలో కట్టెతుపాకి, నోటినిండా కోతలు. ఏ దొరను, ఏ వేటగాణ్ణి, ఏ అధికారిని చూచి ఈ వేషము పుట్టినదో ఊహించడము కష్టము కాదు. అధికారి ఊరిని తనిఖీ చేసి పోతాడు, పిట్టలదొర అధికారిని తనిఖీ చేసి చూపుతాడు.

ఈ చనువుకు ఆధారము పరిచయము. తెలంగాణములో కథ చెప్పే కులాలవారికి కథ వినే కులాలు నియతముగా ఉండేవి. కూనపులివారు పటము విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పేవారు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ, మందెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథ, డక్కలివారు మాదిగలకు జాంబపురాణము. ఇది మిరాసీ హక్కు. తండ్రి తిరిగిన ఊళ్ళు కొడుకువి. ఏ ఇంట ఎవరు పుట్టినారో, ఎవరు పోయినారో పాడేవానికి తెలుసు; ఇంటిపేరుతో, వంశముతో కలిపి పాడితేనే పాట. అయితే ఈ ఏర్పాటును తలచుకొని మురిసిపోవడము తగదు. ఆదరముతోపాటు అందులో కులపు కట్టడి ఉన్నది. డక్కలివాడు ఊరిలోకే కాదు, తనను పోషించే మాదిగవాడలోకి కూడా రాకూడదన్న ఆచారము ఉండేది. వాడ బయట గుడిసె వేసికొని పిలుపుకోసము ఎదురుచూడవలెను.

ఇక మాదాపూరుకు వద్దాము. 1992లో శిల్పారామాన్ని నెలకొల్పేనాటికి అది ఊరి వెలుపలి గుండ్లబోడు. మన దక్కను పీఠభూమి ఎడారి కాకపోయినా, ఆ రాళ్ళ నడుమ వేసవి ఎండకు నిలబడినవానికి ఎడారి గుర్తుకు రాకపోదు. సుమారు 65 ఎకరాల ఆ స్థలములో ఉన్న గుండ్లను తొలగించకుండా తోట వేసినారు, చేతిపనులవారికి అంగళ్ళు కట్టినారు, మెట్లమెట్లుగా ఆరుబయట రంగస్థలము అమర్చినారు. కుమ్మరి, సాలె మొదలైన వృత్తులవారి ఇండ్లను, నిలువెత్తు బొమ్మలతో సహా, గ్రామీణ ప్రదర్శనశాలగా నిలిపినారు. ఆరేండ్ల తరువాత, 1998 నవంబరులో, ఎదురుగా సైబర్ టవర్స్‌ను ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించినారు. ఊరు ముందుగా బొమ్మయి లోపల నిలిచినది, బయటి ఊరు తరువాత మాయమైనది. ఈ వరుస చిత్రమైనది. సాధారణముగా పోయినవారికే విగ్రహాలు కడతారు కదా.

శిల్పారామములో సంక్రాంతి మూడు రోజులూ చూడదగినవి. గంగిరెద్దులు సన్నాయితో వస్తవి. హరిదాసు అక్షయపాత్ర తలమీద మోస్తూ, చిడతలు వాయిస్తూ నడుస్తాడు. బుడబుక్కలవారు, పిట్టలదొరలు గుంపులో కలిసిపోతారు. చూడవచ్చినవారిలో కంప్యూటరు కొలువులవారు, వారిని చూడవచ్చిన పల్లెటూరి తల్లిదండ్రులు, తెలుగు రాని ఉత్తరాదివారు. గంగిరెద్దు తల ఊపినప్పుడు నవ్వేవారు నవ్వుతారు, ఫోటో తీసేవారు తీస్తారు. కాని ఎద్దును ఆడించేవానికి అక్కడ ఏ ఇంటిపేరూ తెలియదు. అమ్మగారికి దండము పెట్టమని ఎద్దుతో అంటాడు, ఏ అమ్మగారికో చెప్పలేడు. చేర్యాల నకాషీలు పూర్వము మూరలకొద్దీ గుడ్డమీద కులపురాణము వ్రాసేవారు. ఇప్పుడు వారి చేతిపని గోడకు తగిలించుకొనే చిన్న పటములుగా, ముఖపు బొమ్మలుగా కూడా అమ్ముడవుతున్నది. కథ చెప్పేవాడు లేకుండా కథలోని ఒక ముక్క ఇంటికి చేరుతుంది. అయినా, అదే రంగస్థలము ముందు ఎవరి పక్కన ఎవరైనా కూర్చొనవచ్చును. డక్కలివాడు వాడ బయట నిలబడనక్కరలేదు. ఈ లాభాన్ని నేను చిన్నదిగా ఎంచను.

లోకములో ఈ సమస్య మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికాదేశములో నెవాడా ఎడారిలో, ఎండిపోయిన సరస్సు అడుగున, ఏటేటా బర్నింగ్ మాన్ అనే కళోత్సవము జరుగుతుంది. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రతీరాన కొద్దిమంది ఒక కట్టెమనిషిని తగలబెట్టడముతో మొదలై, 1990లో ఎడారికి చేరినది. నేడు 70 వేలమంది దాకా పోతారు. అక్కడివారి నియమము ఏమనగా, ఊరికే చూచేవాడుగా ఎవడూ ఉండరాదు. ఆ తాత్కాలిక నగరము నడిబొడ్డున ఒక గుండ్రని పెద్ద పందిరి వేసి చాలా ఏండ్లు కాఫీ అమ్మేవారు. 2022 నుంచి ఆ అమ్మకము మానినారు. ఎవరైనా పాడవచ్చు, ఆడవచ్చు. తక్కినవారు నేలమీద చదికిలబడి వచ్చేపోయేవారిని గంటలతరబడి చూస్తుండేవారు. చూచేవానికీ ఆడేవానికీ మధ్య గీత చెరపడానికి అంత ప్రయాసపడి ఎడారికి పోతున్నారు. ఆ ఎడారికీ టిక్కెట్టు ఉన్నది, అది వేరే మాట. ఆ గీత మన వీధిలో ఎన్నడూ లేదు. దానిని గీచినది ఇటీవలివారు.

గీచినవానిలో చట్టము ఒకటి. 1959నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టము భిక్షాటనను నిర్వచిస్తూ, పాట, ఆట, జోస్యము, ప్రదర్శన అనే నెపముతో బహిరంగస్థలములో యాచించడాన్ని కూడా అందులో చేర్చినది. తరువాత ఎన్నో రాష్ట్రాలు దానినే ఒరవడిగా తీసికొన్నవి. మన హైదరాబాదు నగరములో 2017 నవంబరులో పోలీసువారు రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించినారు. అదే నెల చివర మాదాపూరు సమావేశమందిరములో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినది. కూచిపూడివారి సంభావనను, హరిదాసు పాత్రలో పడే బియ్యాన్ని ఈ నిర్వచనము ఎక్కడ పెట్టుతుందో ఆలోచించండి. శిల్పారామము గోడకు లోపల గంగిరెద్దు సంస్కృతి. గోడకు బయట, నాలుగు అడుగుల దూరాన, అదే ఎద్దు, అదే సన్నాయి, అదే మనిషి యాచకుడు. మంచన శర్మ ఆనాడు చూచినవారిలో ఎందరు ఈ నిర్వచనాన్ని తప్పించుకొనగలరు?

జనానికి జనాన్ని చూడవలెనన్న కోరిక మాత్రము తగ్గలేదు. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువుమీది తీగల వంతెన తెరిచినప్పుడు, తొలినాళ్ళలో వారాంతాలలో వాహనాలను ఆపి కాలినడకవారికి విడిచిపెట్టినారు. జనము తండోపతండాలుగా వచ్చినారు. చెరువును చూచినవారికంటె ఒకరినొకరు చూచుకొన్నవారు, చేతిలోని ఫోనులో తమను తాము చూచుకొన్నవారు ఎక్కువ.

సంక్రాంతి కనుమతో శిల్పారామములోని వేషాలు ముగుస్తవి. ఆ తరువాత ఎద్దును తోలుకొని గచ్చిబౌలి, కొండాపూరు వీధులలోకి బయలుదేరినవానికి ప్రతి బహుళ అంతస్తుల భవనము ముందూ గేటు అడ్డము. కావలివాడు పుస్తకము తెరిచి, ఏ ఫ్లాటుకు వచ్చినావని అడుగుతాడు. అన్ని ఇండ్లకూ అని అతడు చెబుతాడు. ఆ పుస్తకములో అందుకు గడి లేదు.