ఆర్.డిస్. చేయవలసిన కాగితం



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ధవళేశ్వరం ఆనకట్ట గురించో హేవలాక్ వంతెన గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి గురించి ఇదివరకే పెద్దలు చాలా రాశారు. మన వయస్సువారికి అంతకంటె దగ్గరి చరిత్ర మరొకటి ఉంది. అది తుంటి కీలు మార్పిడి. సిమెంటుతో బిగించిన కీలు ఎన్నేళ్లు మన్నుతుంది, ఆ లెక్క ఎవరికి ఎలా తెలిసింది అన్నదే ఈ వ్యాసం. నేను వైద్యుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, చివరి ఏళ్లు రికార్డు గది చూసి రిటైరయినవాణ్ణి. కనుక ఈ చరిత్రను కూడా ఆ గదిలోంచే చూశాను.

మన తుంటి కీలు గిన్నెలో బంతి వంటిది. రుబ్బురోలులో పొత్రం తిరిగినట్లు తొడ ఎముక తల కటి ఎముక గుంటలో తిరుగుతుంది. మధ్యనున్న మెత్తని పొర అరిగిపోతే ఎముక ఎముకను రాస్తుంది. అప్పుడు నడక నరకమే. దీనికి విరుగుడు వెతకడం చాలాకాలం కిందటే మొదలయింది. 1890-91 ప్రాంతంలో బెర్లిన్‌లో గ్లుక్ అనే వైద్యుడు ఏనుగు దంతంతో కీళ్లు చేసి అమర్చాడు. చీము పట్టి అవి నిలవలేదు. 1938లో లండన్‌లో ఫిలిప్ వైల్స్ స్టీలు బంతి, స్టీలు గిన్నె అమర్చాడు. అవీ వదులయ్యాయి. కీలు తయారుచేయడం ఒక ఎత్తు, దాన్ని ఎముకలో కదలకుండా నిలపడం మరొక ఎత్తు అయింది.

ఆ రెండో చిక్కు విప్పినవాడు ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ. పళ్ల వైద్యులు వాడే అక్రిలిక్ పదార్థం గురించి మాంచెస్టరు దంతవైద్య విభాగంలోని డెనిస్ స్మిత్ ఆయనకు చెప్పాడు. పొడి, ద్రవం కలిపితే కాసేపటికి పిండిముద్దలా అవుతుంది, ఇంకాసేపటికి వేడెక్కి రాయిలా గట్టిపడుతుంది. దాన్నే బోన్ సిమెంటు అంటున్నాము. ఇది జిగురు కాదు. మేస్త్రీ రాయికీ రాయికీ మధ్య సందులు నింపినట్లు, ఎముకకూ లోహపు కాడకూ మధ్య ఖాళీ నింపి బరువును అంతటా సమంగా పంచుతుంది. చార్న్‌లీ 1958 ప్రాంతం నుంచి దీన్ని వాడాడు.

సిమెంటు నిలిచింది గాని గిన్నె నిలవలేదు. నున్నగా ఉంటుందని టెఫ్లాన్‌తో గిన్నెలు చేసి సుమారు 300 మందికి అమర్చాడు. మొదట్లో అందరూ హాయిగా నడిచారు. రెండు మూడేళ్లలోనే గిన్నెలు అరిగిపోయి, ఆ పొడి చుట్టూ ఉన్న కండను, ఎముకను పాడుచేసింది. చార్న్‌లీ తన తప్పును దాచలేదు. ఆ రోగులను మళ్లీ పిలిచి ఆపరేషన్లు చేశాడు. టెఫ్లాన్ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని, గడ్డలు కట్టడం చూసి, ఆ సంగతి 1963లో వైద్య పత్రికలో అచ్చు వేయించాడు.

1962లో మగ్గాల యంత్రాల విడిభాగాలకు వాడే పాలిథిలీన్ ముక్కను ఒక అమ్మకందారు ఆ ఆసుపత్రికి తెచ్చాడు. చార్న్‌లీ దాన్ని గోటితో నొక్కి చూసి, పనికిరాదన్నాడు. ఆయన దగ్గర పనిచేసే మెకానిక్ హ్యారీ క్రేవెన్ మాత్రం, దొర ఊళ్లో లేనప్పుడు దాన్ని అరుగుదల యంత్రానికి పెట్టాడు. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా ఇది మూడు వారాల్లో అరగలేదు. ఆ ఏడాది నవంబరులోనే పాలిథిలీన్ గిన్నె, చిన్న స్టీలు బంతి, సిమెంటు కలిపి మొదటి ఆపరేషన్ జరిగింది. కింది ఉద్యోగి మాట పైవాడు విన్న సందర్భాలు చరిత్రలో తక్కువ. అందుకే ఈ ముక్క మీకు చెప్పాలనిపించింది.

నాకు ఇంకా నచ్చింది ఆ తరువాతి పని. టెఫ్లాన్ దెబ్బ తిన్న చార్న్‌లీ, కీలు ఎంత మన్నిందో తెలియాలంటే రోగిని జీవితాంతం చూడాలన్నాడు. చనిపోయాక కీలును పరీక్షకు ఇవ్వడానికి రోగుల దగ్గర అనుమతి తీసుకున్నాడు. 1982లో ఆయన పోయాక కూడా వ్రోబ్లెవ్స్కీ అనే సర్జన్ అదే ఆసుపత్రిలో ఆ రికార్డు కొనసాగించి, 30, 40 ఏళ్లు దాటిన కీళ్ల లెక్కలు ప్రకటించాడు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1969 నుంచి అమర్చిన 2000 చార్న్‌లీ కీళ్ల లెక్క 2002లో వచ్చింది. 25 ఏళ్లకు నూటికి సుమారు 80 కీళ్లు మార్చకుండానే ఉన్నాయి. చిన్న వయస్సులో చేయించుకున్నవారి కీళ్లు ముందుగా చెడాయి, ముసలివారివి బాగా నిలిచాయి. నడక తక్కువైతే అరుగుదలా తక్కువే కదా.

ఒక ఆసుపత్రి లెక్క వేరు, దేశం లెక్క వేరు. స్వీడన్ 1979లో, నార్వే 1987లో దేశమంతటికీ కీళ్ల రిజిస్టర్లు పెట్టాయి. 1990ల మొదట్లో వేడి తక్కువని చెప్పి బోన్‌లాక్ అనే కొత్త సిమెంటు బజారులోకి వస్తే, అది వాడిన కీళ్లు త్వరగా వదులవుతున్నట్లు నార్వే రిజిస్టరే పట్టుకుంది. 1995లో దాన్ని ఉపసంహరించారు. రిజిస్టరు లేని చోట అది ఇంకెందరికి చేరేదో! ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రిజిస్టర్ల ప్రకారం 2019లో వేసిన లెక్కలో, అన్ని రకాల తుంటి కీళ్లూ కలిపి 15 ఏళ్లకు నూటికి 89, 25 ఏళ్లకు 58 మన్నాయి.

మన దగ్గర హైదరాబాదులో 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి వచ్చింది. ఇవాళ్టి నిమ్స్ అదే. ఒకప్పుడు ఇంత పెద్ద ఆపరేషన్ అంటే మనవాళ్లు మద్రాసుకో వెల్లూరుకో రైలెక్కేవారు. ఇప్పుడు రాజమండ్రిలోనే చేస్తున్నారు. చేసేవారు పెరిగారు గాని, ప్రతి కీలు తప్పనిసరిగా రాసే దేశవ్యాప్త రిజిస్టరు మనకు లేదు. నిపుణుల సంఘం నడిపే రిజిస్టరులో రాయడం సర్జన్ల ఇష్టం. కాబట్టి మన ఇంట్లోని కాగితమే మన రిజిస్టరు.

ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కీళ్లవాతంతో బాధపడుతున్న మా ఆవిడకు 2001లో సిమెంటు కీలు అమర్చారు. అప్పుడు నేను సర్వీసులో ఉన్నాను. కీలు పెట్టె మీది స్టిక్కర్లతో సహా అసలు బిల్లులన్నీ రీయింబర్స్‌మెంటుకు పంపి, జిరాక్సు ఇంట్లో పెట్టుకున్నాను. 2015లో గోదావరి పుష్కరాలకు చుట్టాలు వస్తున్నారని ఇల్లు సున్నం వేయించి, పాత కాగితాలు కిలోల లెక్కన అమ్మేశాను. అందులో ఆ జిరాక్సూ పోయింది.

ఆ కీలు ఇరవై ఏళ్లు ఆమెను మోసింది. 2021లో నొప్పి మొదలయింది. గిన్నె అరిగింది, తొడలోని కాడ మాత్రం సిమెంటులో గట్టిగానే ఉందన్నారు డాక్టరుగారు. "ఇది ఏ కంపెనీది, ఏ సైజు? తెలిస్తే దానికి సరిపడే బంతి తెప్పించి కాడను అలాగే ఉంచవచ్చు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. గట్టిగా ఉన్న కాడను కూడా తవ్వి తీయవలసి వచ్చింది. ఆపరేషన్ పెద్దదయింది, ఖర్చూ పెరిగింది. ఆమె ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. "జిల్లా కాగితాలన్నీ భద్రం చేశారు, నాది ఒక్కటీ పోగొట్టారు" అని ఒక్కసారే అంది. మళ్లీ అనలేదు.

పదేళ్లు ఉంచవలసిన ఫైలు డి.డిస్., శాశ్వతంగా ఉంచవలసింది ఆర్.డిస్. అని మనందరికీ కంఠతా వచ్చు. ఇంట్లో ఆ కాగితాన్ని ఆర్.డిస్. చేయాలని నాకు తోచలేదు.

అందుచేత మిత్రులకు నా మనవి. మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని తుంటి, మోకాలి కీళ్లు మార్చి ఉంటే, కీలు పేరు, సైజు, నంబరు ఉన్న స్టిక్కరు, డిశ్చార్జి కాగితం ఈ రోజే వెతకండి. బిల్లు ఆఫీసుకు పంపేముందు రెండు జిరాక్సులు తీయించండి. ఒకటి మీ పెన్షన్ పేమెంట్ ఆర్డరుతోపాటు, రెండోది పిల్లల దగ్గర ఉంచండి. నొప్పి లేకపోయినా డాక్టరు చెప్పిన గడువులకు ఎక్స్‌రే తీయించండి. అరుగుదల చాలాకాలం చప్పుడు చేయదు.

సెలవు.