పసుపు పెట్టె ముందు రైతు

జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం. 1950లో అదే రోజున ఎన్నికల సంఘం ఏర్పడింది. ఆ తేదీ దగ్గర పడుతోందంటే నా మనసు బొబ్బిలి మీదికి పోతుంది.

ఎన్నిక దక్షిణాదికి కొత్త కాదు. పదో శతాబ్దంలోనే ఉత్తరమేరూరులో పేర్లు రాసిన చీటీలు కుండలో వేసి ఊరి సభకు సభ్యులను తీశారు. చీటీలో పేరుండాలంటే సొంత పొలం, సొంత ఇల్లు కావాలి. వెయ్యేళ్ల తర్వాత, 1920లో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగినప్పుడూ ఆస్తిని బట్టే ఓటు. అప్పుడు నెగ్గిన జస్టిస్ పార్టీ బ్రాహ్మణేతరుల కోసం పుట్టింది. దాని పగ్గాలు మాత్రం జమీందార్ల చేతికి చేరాయి.

1932లో ఆ పార్టీ తరఫునే బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు మద్రాసు ప్రభుత్వాధినేత అయ్యారు. 1937 ఎన్నికల్లో ఆయన మీద, ఆయన సొంత గడ్డ మీదే, కాంగ్రెస్ వి.వి. గిరిని నిలబెట్టింది. గిరి బరంపురంలో పుట్టి, రైల్వే కార్మికులకు సంఘం కట్టిన మనిషి. అవతల 1757 నాటి బొబ్బిలి యుద్ధం కథ వింటూ పెరిగిన ఊళ్లు. బొబ్బిలి రాజవంశం మీద అభిమానం తేలిగ్గా పోయేది కాదు.

ఆ ఎన్నికల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఓటు పెట్టె. అక్షరం రానివాళ్ల కోసం ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె పెట్టారు. కాంగ్రెస్‌ది పసుపు. గడపకు రాసే రంగు, పెళ్లిపీటల మీద కనిపించే రంగు. దాన్ని ఎవరికీ నేర్పక్కర్లేదు. దివాణం ముందు తలపాగా తీసి, చేతులు కట్టుకుని శిస్తు సంగతి విన్నవించుకునే రైతు చేతికి ఒక కాగితం వచ్చింది. అది ఏ పెట్టెలో పడాలో తేల్చేది దివాణం కాదు, అతనే. కూలీకి ఇంకా ఓటు లేదు. ఉన్నంతలోనే రాజావారు ఓడిపోయారు. 215 స్థానాల శాసనసభలో కాంగ్రెస్‌కు 159 వచ్చాయి. గిరి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది.

1952లో వయోజనులందరికీ ఓటొచ్చాక కథ ఇంత సూటిగా సాగదు. జైల్లో ఉన్న కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి అనంతపురంలో తన బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఇద్దరూ భూమి గల కుటుంబాల వాళ్లే. 1969లో రాష్ట్రపతి పదవికి అదే సంజీవరెడ్డి మీద గిరి గెలిచారు, కాంగ్రెస్ రెండుగా చీలింది. బొబ్బిలిలో కోట వారసుడు సుజయకృష్ణ రంగారావు 2004, 2009, 2014లో నెగ్గారు. 2024లో ఆయన తమ్ముడు బేబినాయన.

ఇప్పుడు దివాణానికి శిస్తు లేదు, కూలీకీ ఓటుంది. కోటవాళ్లను జనమే కోరి గెలిపించుకున్నారు. 1937లో పసుపు పెట్టెలో కాగితం వేసిన రైతుల మనవలు ఏమనుకుని ఓటేశారో బొబ్బిలి వెళ్లి వాళ్లనే అడగాలని ఉంది.